ఎండు బోరు మీద కట్టిన గది

నేల ఎంత ఊపిరి వదులుతోందో కొలిచే ఉద్యోగం ఒకటి ఉంటుందని, అందులో చేరేదాకా నాకు తెలియదు. మా ఊరు ప్రొద్దుటూరులోనే కెమిస్ట్రీతో డిగ్రీ, తర్వాత పీజీ చేసి, ఇంట్లోనే ఇంటర్ పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటున్న రోజులవి. మా నాయన జమ్మలమడుగులో మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. మా అమ్మ నేను డిగ్రీలో ఉండగానే పోయింది. ఇంట్లో నేనూ ఆయనే. ఏదో సర్వేలో పని దొరికిందని చెబితే, ఏం పనని అడిగాడు.

"ఊర్ల మీద తిరిగి, మట్టిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూడాల నాయనా."

ఆయన కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "బొగ్గుపులుసు గాలా? దానికి జీతమిస్తారా?"

జీతమిచ్చేవాళ్ళ ఆలోచన వేరే ఉండింది. మా వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఎన్నున్నాయో చెప్పక్కర్లేదు. సిమెంటు చేయాలంటే సున్నపురాయిని కాల్చాలి. కాలిస్తే ఆ రాతిలో ఇమిడి ఉన్న ఈ బొగ్గుపులుసు గాలే బయటికొస్తుంది. రేపు బొగ్గు మానేసి ఎండతోనో కరెంటుతోనో కాల్చినా అది రాక మానదు. అందుకని పొగగొట్టం దగ్గరే ఆ గాలిని ఒక ద్రావకంలో పట్టి, వేడిచేసి విడదీసి, బాగా ఒత్తి, భూమిలో చాలా లోతున రాతి పొరల్లోకి పంపి మూసేస్తే ఆకాశానికి ఆ మేరకు బరువు తగ్గుతుంది. ఇంకా ఏదీ పూడ్చలేదు. మా ప్రాంతపు రాయి అందుకు పనికొస్తుందో లేదో చూడటానికే మమ్మల్ని పంపారు. పూడ్చక ముందు నేల తనంతట తాను ఎంత గాలి వదులుతుందో తెలిసి ఉండాలి. లేకపోతే రేపు లోపల దాచింది కారిపోతోందని ఎవరైనా అంటే, అది దాచిన గాలో, నేల సొంత గాలో చెప్పలేం.

నా పని చూడటానికి నవ్వులాటగానే ఉండేది. బోర్లించిన గిన్నె లాంటిదాన్ని మట్టి మీద పెట్టి, దాని గొట్టాన్ని మీటరుకు తగిలించి, కూర్చుని చూడటం. కొన్నిచోట్ల సన్నని ఇనుప గొట్టాన్ని చేతి లోతున దిగ్గొట్టి గాలి పీల్చి చూడటం. చేలల్లో ఆడవాళ్ళు చుట్టూ చేరి, "ఏందిమ్మే, బూమికి జొరమొచ్చిందా?" అని అడిగేవాళ్ళు.

నాతో వచ్చే జియాలజిస్టు సారుది కాకినాడ వైపు. నడివయసు దాటిన మనిషి. అందరినీ అండీ అనేవాడు. దారికడ్డం పడుకున్న బర్రెను కూడా "కాస్త లేవండీ" అంటుంటే విన్నాను. ఆయన మాట మా వైపు వాళ్ళకు మెత్తగా, మా మాట ఆయనకు కొట్లాటలాగా ఉండేది.

ముద్దనూరుకూ జమ్మలమడుగుకూ మధ్య ఒక ఊరిలో మాకు గది కావలసి వచ్చింది. సామాను పెట్టుకోవడానికి, మధ్యాహ్నం ఎండలో కాసేపు కూర్చోవడానికి. ఊర్లో పెద్ద సేద్యగాళ్ళ ఇల్లు ఒకటి చూపించారు. పాత మట్టి మిద్దె, దానికి ఆనుకుని కొత్తగా కట్టిన గది. మిద్దెక్కి చూస్తే ఒకవైపు దూరంగా థర్మల్ ప్లాంటు గొట్టాలు, ఇంకోవైపు సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం కనపడేవి. ఆ ఇంట్లో ముగ్గురే మనుషులు. ఇంటి పెద్దావిడ, ఆమె కొడుకు, కోడలు. పెద్దావిడ భర్త పోయి కొన్నేళ్ళయింది. నేను ఆమెను పెద్దమ్మా అనేదాన్ని. ఆమె నన్ను పాపా అనేది.

మొదటిరోజే పెద్దమ్మ, "మీరెవురు పాపా?" అని అడిగింది. చర్చికి పోయేవాళ్ళమని చెప్పాను. "ఊఁ" అంది. అంతే. కాసేపటికి కోడలు తాళం తెచ్చి ఆ కొత్త గది తీసింది.

గడప చాలా ఎత్తు. దాటి రెండు మెట్లు కిందికి దిగాలి. కింద బండలు పరిచారు. కిటికీ ఒక్కటే, అదీ తలకంటే ఎత్తున. గోడలో పటాలు పెట్టుకోవడానికి గూళ్ళున్నాయి, ఆ గూళ్ళ చుట్టూ పసుపు మరకలున్నాయి. పటాలు మాత్రం లేవు. ఒక మూల ఎత్తైన నవారు మంచం ఉంది. బయట మండిపోతున్నా లోపల పాదాలకు చల్లగా తగులుతోంది.

"ఇది దేవుని గది కదా?" అన్నాను.

"దేవుని గూడనే కట్టిచ్చినాం అక్కా," అంది కోడలు. నా వయసు పిల్లే, అయినా నన్ను అక్కా అనేది. "దీపం నిలబడల్యా. నూనె మార్చినాం, వత్తి మార్చినాం, అయ్యవారిని పిలిపిచ్చి శాంతి గూడ చేపిచ్చినాం. ఒగోనాడు బాగనే ఎలుగుతాది. ఒగోనాడు గాలి ల్యాకపోయినా ఎట్ల ముట్టిచ్చినా ఆరిపోతాది. ఆయనకే ఇష్టం ల్యాదేమోనని పటాలు లోపలికి మార్చుకున్న్యాం."

ఇంకా దేవుని గదే అయ్యుంటే అది మాకు దొరికేది కాదని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. దేవుడు ఖాళీ చేశాడు కాబట్టి మాకు వచ్చింది.

పోతూ పోతూ ఆ పిల్ల గడప దగ్గర ఆగింది. "అక్కా, సామాన్లు పెట్టుకోండి. కూచోవాలంటే కూచోండి. పండుకోవద్దండి మాత్రం."

ఎందుకని అడిగే లోపే వెళ్ళిపోయింది.

కొన్ని రోజులు ఏమీ జరగలేదు. ఆ గదిలో నాకు వింతగా అనిపించింది ఒక్కటే, అక్కడ బల్లి లేదు. మా వైపు ఏ గదిలోనైనా గోడ మీద ఒక బల్లి ఉంటుంది, మూలన చీమల బారు ఉంటుంది. ఇక్కడ బండల మీద చీమ కూడా తిరిగేది కాదు. ఒకసారి మీటరు పెట్టె జరిపితే గోడ వారగా చిన్న ఎలుక ఒకటి పడుంది. చచ్చి ఎండిపోయింది కానీ ఎక్కడా గాయం లేదు. నిద్రపోయినట్టు ముడుచుకుని ఉంది. మందు పెట్టారేమో అనుకుని పారేశాను.

తర్వాత మబ్బులు పట్టే కాలం వచ్చింది. అప్పటినుంచీ పెద్దమ్మను గమనించడం మొదలుపెట్టాను.

మామూలు రోజుల్లో ఆమె ఆ గది ముఖం చూసేది కాదు. వరండాలో కూర్చుని బియ్యం ఏరుకుంటూనో, కూలోళ్ళను కేకలేస్తూనో ఉండేది. ఆకాశం నల్లబడి గాలి ఆగిపోతే చాలు, చేతిలో ఉన్న చేట ఉన్నట్టే కింద పెట్టేది. "మబ్బు పట్టింది, నేను లోపలికి పోతా" అని, మెట్లు దిగి, ఆ నవారు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునేది. వాన కురిసి వెలిసేదాకా బయటికి వచ్చేది కాదు. ఉరుములంటే భయమేమో అనుకున్నాను.

ఒకరోజు గొట్టాల పెట్టె కోసం వెళ్ళి తలుపు దగ్గరే ఆగిపోయాను. ఆమె మాట్లాడుతోంది.

"ఆఁ... అట్లనే... పంపినాలే... ఎద్దులు యాడుండాయి ఇప్పుడు? అమ్మినాం గదా... ఆఁ..."

మధ్య మధ్యలో ఆగుతోంది. ఆగినప్పుడు తల కొంచెం పక్కకు వంచి, వింటున్నట్టు. మళ్ళీ జవాబు చెబుతోంది. ఆమె ముఖం వెలిగిపోతోంది. పెదాలు ఆరిపోయి, ఊపిరి మాత్రం పరుగెత్తి వచ్చిన మనిషిలాగా లోతుగా తీస్తోంది. నన్ను చూడలేదు. గదిలో ఇంకెవరూ లేరు. నేను గొట్టాలు తీసుకోకుండానే తిరిగొచ్చాను.

మరుసటి రోజు కోడలు దోసెలు పోస్తుంటే పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. ఆ పిల్ల పొయ్యి వైపే చూస్తూ చెప్పింది. "మా మామ ఆడనే పాయె అక్కా. ఎండకాలం అయిపోయి వానలు పడే ముందర. ఉక్కపోస్తాందని మద్యాన్నం కింద బండల మీద పండుకున్న్యాడు. సల్లగుంటాదని. లేపితే లేయలా. గుండె ఆగిపాయె అన్న్యారు." గరిటె ఆపింది. "అత్త మాత్రం ఆయప్ప ఆడనే ఉండాడు అంటాది. మబ్బు పడితే వస్తాడంట. నేను ఒకసారి తలుపుకాడ నిలబడి విన్న్యా. ఊపిరి ఇనపడింది అక్కా. మగోళ్ళ ఊపిరి మాదిరి. నేను ఇంగ ఆ పక్కకు పోను."

నేను సైన్సు చదివిన మనిషిని. దయ్యాలకు భయపడే ఇంట్లో పెరగలేదు. భయమేస్తే కీర్తన పాడుకోమనేది మా అమ్మ. కానీ ఆ రోజు చేలో గిన్నె బోర్లించి కూర్చున్నప్పుడు, మట్టి కింద ఎవరో పడుకుని వదులుతున్న ఊపిరిని కొలుస్తున్నట్టు అనిపించి, లేచి నిలబడ్డాను.

పెద్దమ్మే ఒకరోజు నాతో మాట్లాడింది. ఆమె పుట్టిల్లు పులివెందుల. అక్కడి సంగతులు చెబుతూ చెబుతూ భర్త దగ్గరికి వచ్చింది.

"ఆయప్పకు బోర్ల పిచ్చి పాపా. చేలో ఏసి ఏసి, యాడా నీళ్ళు పడల్యా. ఆఖరికి ఇంటి పెరట్లో ఏపిచ్చినాడు. పులివెందల నుంచి మా తమ్ముడే బోరు బండి పంపిచ్చినాడు. ఎంత లోతు పోయినా దుమ్మే. బండోళ్ళు రాడ్లు తీసేసినాక చూస్తే, బొక్కలో నుంచి గాలి కొడతాంది. ఆయప్ప తలగుడ్డ ఊగులాడింది. బండోళ్ళు నవ్వినారు. నీళ్ళు అడిగితే గాలి పడిందప్పా నీకు, అని."

"ఆ బోరు ఇప్పుడెక్కడుంది పెద్దమ్మా?"

"అదే గదా, దాని మీదనే గది కట్టినాం. పైకుండే ఇనప గొట్టం కోసేసి పైన బండ ఏసినాం."

చెబుతూనే ఉంది కానీ నా తలకు ఏదీ ఎక్కలేదు. రోజంతా నేల ఊపిరి కొలిచే నాకు, ఆ మాట వినగానే తట్టి ఉండాలి. తట్టలేదు. ఎందుకంటే అప్పుడే ఆమె నా చేయి పట్టుకుని, "నీకు ఇనిపిస్తా రా. నువ్వు బయపడే దానివి కాదులే," అంది. మిద్దె మీద మబ్బు దిగింది. ఆకు కదలడం లేదు. సారు డీజిలు కోసం జమ్మలమడుగు పోయాడు. నేను ఆమె వెంట మెట్లు దిగాను.

ఆమె మంచం మీద కూర్చుంది. నేను కింద బండల మీద, గోడకు ఆనుకుని. తలుపు ఓరగా వేసింది. మొదట కాళ్ళకు చల్లగా ఏదో పాకినట్టయింది, నీళ్ళు వచ్చి చేరుతున్నట్టు. తడి రాయి వాసన. తర్వాత వినపడింది. గది నడుమ బండ కింద నుంచి, దీర్ఘంగా, తగ్గు స్వరంలో, నిద్రలో ఉన్న మనిషి గొంతులో గాలి ఆడినట్టు. ఆగి ఆగి వస్తోంది.

"ఇనపడిందా?" అంది పెద్దమ్మ గుసగుసగా.

నేను తల ఊపాను. నా ఊపిరి కూడా దానితో పాటు లోతుగా పోవడం మొదలైంది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. లేవాలి అనుకున్నాను, ఆ అనుకోవడం ఎవరో ఇంకొకరు అనుకుంటున్నట్టు దూరంగా ఉంది. భయం మొదట వచ్చి, తర్వాత అదీ పోయింది. గోడకు ఆనుకుని ఉన్నానని తెలుసు. అయినా నా వెనక ఎవరో నిలబడ్డారు. ఆ సంగతి నాకు చేతిలో చెయ్యి ఉన్నంత స్పష్టంగా తెలిసింది. తిరిగి చూడాలనిపించలేదు. అప్పుడు మా అమ్మ నన్ను పిలిచింది. ఇంట్లో పిలిచే ముద్దు పేరుతో. వంటింట్లో నుంచి పిలిచినట్టే, కొంచెం విసుగ్గా. నేను "వస్తాండా మా" అన్నాను. ఆ మాట పైకి అన్నానో లేదో తెలియదు.

తర్వాత తెలిసింది పెరట్లో మట్టి నోటికి తగలడం. కోడలు కాఫీ తెచ్చి గడప దగ్గర నుంచి పిలిచిందట. నేను కళ్ళు తెరిచే ఉన్నానట, పలకలేదట. ఇక ఆ పక్కకు పోనన్న పిల్ల, గ్లాసు పారేసి, లోపలికి దూకి, నా చేతులు పట్టి ఈడ్చింది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి తనకూ కళ్ళు తిరిగి కేకేస్తే, ఆమె మొగుడు పరుగెత్తుకొచ్చి మమ్మల్ని ముగ్గురినీ బయటికి లాగాడు. నేను వాంతి చేసుకున్నాను. తల పగిలిపోతోంది. పెద్దమ్మ మాత్రం పెరట్లో నిలబడి కొడుకును తిడుతోంది. "ఏందిరా నీ గోల? మాట్లాడతాంటే ఇట్ల ఈడుస్తారా?"

సారు వచ్చేసరికి నేను వరండాలో పడుకుని ఉన్నాను. జరిగింది విన్నాడు. గాలిని కొలిచే మీటరు తీసి, పొడుగాటి కట్టెకు కట్టి, గడప బయట నిలబడే దాన్ని లోపలికి దించాడు. సగం దిగకముందే అది అరవడం మొదలుపెట్టింది. నేలకు ఆనేసరికి దాని కొలత అయిపోయింది, ఇంక చూపించలేక అరుస్తూనే ఉంది. తర్వాత ఒక గుడ్డముక్క ముట్టించి తాడుతో దించాడు. మంట నీళ్ళలో ముంచినట్టు ఆరింది. పొగ మాత్రం పైకి లేవకుండా, బండల మీద పాలు పొంగినట్టు పరుచుకుంది. కోడలు చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఈ గదిలో ఎవరూ అడుగు పెట్టకండి," అన్నాడు సారు.

వాన కురిసి వెలిసింది. తలుపులు బార్లా తీసి, చాలాసేపు ఆగి, మీటరు అరవడం మానాక కొడుకూ సారూ లోపలికెళ్ళి నడిమి బండ లేపారు. కింద ఇనుప గొట్టం నోరు. సారు జేబులో కాగితం తీసి దాని మీద వదిలితే, ఆ కాగితం ఎగిరిపోలేదు. గొట్టం మూతికి గట్టిగా అతుక్కుపోయింది. ఇప్పుడు అది లోపలికి పీల్చుకుంటోంది. కాగితం మధ్యలో గుంట పడి, చిన్నగా వణుకుతూ ఉంది. మేమందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. దయ్యమని నమ్మినప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ భయమేసింది.

వరండాలో కూర్చున్నాక సారు చెప్పాడు. "వాన ముందు పై గాలి బరువు తగ్గుతుందండీ. లోపలున్నది పైకి వచ్చేస్తుంది. వెలిశాక బరువు పెరిగి మళ్ళీ లోపలికి తోస్తుంది. కింద నీళ్ళు ఎప్పుడో దిగిపోయాయి కదా, సున్నపురాతి పగుళ్ళన్నీ ఖాళీ. అందులో నిలవున్న గాలిలో ప్రాణవాయువు తక్కువ, ఈ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. మామూలు గాలి కంటే బరువు. గది పల్లంలో ఉంది, గడప ఎత్తు. తొట్టిలో నీళ్ళలాగా నిండిపోతుందండీ. ఆవిడ ఎత్తు మంచం మీద కూర్చుంటారు కాబట్టి..."

అక్కడ ఆగిపోయాడు. కొడుకు తల దించుకునే అడిగాడు. "మా నాయన కింద పండుకున్న్యాడు సార్."

"అదేనని నేను చెప్పలేనండీ. గుండె జబ్బే అయ్యుండొచ్చు. ఇప్పుడెవరూ చెప్పలేరు."

"అయ్యుండొచ్చా, ల్యాదా?"

సారు నా వైపు చూశాడు. తర్వాత, "అయ్యుండొచ్చండీ," అన్నాడు.

పెద్దమ్మ గడప మీద కూర్చుని వింటూనే ఉంది. ఏడవలేదు. కాసేపటికి సారును చూసి, "మీరు పూడుస్తామంటాండే గాలి గూడ ఇదేనా?" అంది.

"ఇదేనమ్మా."

"అది గూడ ఇట్లనే పైకొస్తాదా?"

"వచ్చే దారులు ఎక్కడున్నాయో వెతకడానికే ఇలా తిరుగుతున్నాం. దారి ఉన్నచోట పూడ్చకూడదు."

ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నన్ను పలకరించలేదు.

బోరు గొట్టానికి పైన ఇంకో గొట్టం అతికి, గది కప్పు దాటించి, మిద్దె మీద ఎత్తుగా వదిలేయాలని సారు చెప్పాడు. గాలి పైన కలిసిపోతే ఎవరికీ ఏం కాదు. గొట్టం చుట్టూ సిమెంటుతో మూయాలి. ముద్దనూరు నుంచి బేల్దారి మేస్త్రీ వస్తానన్నాడు. పెద్దమ్మ వద్దనలేదు. అదే నన్ను కంగారు పెట్టింది.

బేల్దారి రావలసిన రోజు ఆకాశం పొద్దున్నే మూసుకుంది. మేం పోయేసరికి ఇంట్లో కేకలు. పెద్దమ్మ గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది. తాళం చెవి కొడుకు జేబులో ఉంటే, అతను స్నానానికి పోయినప్పుడు తీసిందట. అతను తలుపును భుజంతో గుద్దుతున్నాడు. టేకు తలుపు, కదలడం లేదు. పక్కింటికి గడ్డపార కోసం పరుగెత్తాడు.

నేను బియ్యం డబ్బా బోర్లించి ఎక్కి, ఎత్తున ఉన్న ఆ కిటికీలో నుంచి చూశాను. ఆమె మంచం మీద లేదు. కింద బండల మీద, సరిగ్గా ఆ నడిమి బండ పక్కన, మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేయి బండ మీద పెట్టుకుంది, జ్వరం చూస్తున్నట్టు.

"పెద్దమ్మా, లేచి నిలబడు. నిలబడు ముందు."

"నువ్వు పో పాపా."

"నిలబడి మాట్లాడు. మంచం మీదకన్నా ఎక్కు."

"ఆయప్ప ల్యాడంటాండారు. ఒట్టి గాలంట. నా కొడుకు గూడ అదే అంటాండాడు." తల ఎత్తి నన్ను చూసింది. ఊపిరి ఎగబీలుస్తోంది. "నిజం సెప్పు. ఆ పొద్దు నువ్వు ఈడ కూచున్న్యావు గదా. నీకు ఇనపడల్యా?"

వినపడలేదని, అదంతా గాలి చేసే మాయ అని, మెదడుకు ఊపిరి అందకపోతే అట్లే ఉంటుందని చెప్పాలి. అదే నిజం కూడా. కానీ నోటికి అది రాలేదు.

"ఇనపడింది పెద్దమ్మా. మా అమ్మ పిలిచింది నన్ను. సచ్చిపోయిన మా అమ్మ. నేను పోతానని గూడ అన్న్యాను."

ఆమె కదలకుండా చూస్తోంది.

"మీ కోడలు బయటికి ఈడ్చకపోయింటే పోయేదాన్ని. మా నాయన ఒక్కడే ఉండాడు ఇంట్లో. నాకు పోవాలనే అనిపిచ్చింది పెద్దమ్మా. అంత బాగుండింది. అందుకే బయమేస్తాంది నాకు. రా బయటికి."

బండ కింద శబ్దం మొదలైంది, నాకు కిటికీ దగ్గరికి వినపడేంత గట్టిగా. ఆమె ఆ బండను రెండుసార్లు మెల్లగా తట్టింది, నిద్రపోయే వాళ్ళను తట్టినట్టు. తర్వాత గోడ పట్టుకుని లేచింది. తూలుతూ మెట్లెక్కింది. గడియ తీసిన చప్పుడు విన్నాక నేను డబ్బా మీద నుంచి దిగాను. కొడుకు గడ్డపారతో వచ్చేసరికి ఆమె కోడలి భుజం మీద తల పెట్టుకుని పెరట్లో కూర్చుని ఉంది.

నన్ను దగ్గరికి రానీయలేదు. "ఆయప్పను రెండోసారి సంపినారు," అంది. నన్ను చూసి కాదు, నేలను చూసి.

బేల్దారి పని ముగించాడు. గది ఖాళీ చేసి మేం ఇంకో ఊరికి మారాం. పెద్దమ్మ వాళ్ళ ఊరి చుట్టుపక్కల చేలల్లో మళ్ళీ కొలతలు తీసినప్పుడు, ఎండిపోయిన బోర్లను వెతికి వెతికి చూశాం. చాలా చోట్ల అదే సంగతి. మబ్బు పడితే వదలడం, వెలిస్తే పీల్చడం. ఒకటి రాళ్ళ గుట్ట కింద ఉంటే, ఇంకొకటి గొర్రెల దొడ్డి పక్కన. ముళ్ళకంప మూత తీసి చెయ్యి పెడితే వేళ్ళ సందుల్లో నుంచి చల్లగా పోయేది. వాటన్నిటికీ మూతలు పెట్టించమని పంచాయితీలో చెప్పి వచ్చాం. ఆ పల్లెల కింద గాలిని దాచే ఆలోచన మానుకోమని సారు పైవాళ్ళకు రాశాడు. పైన పగుళ్ళు లేని పొర మూతలాగా ఉన్న రాయి వేరే చోట వెతకమన్నాడు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఎక్కడ పూడుస్తారన్నది ఇంకా తేలలేదు. పొగగొట్టం దగ్గర గాలిని పట్టే పని మాత్రం ఒక ఫ్యాక్టరీలో చిన్నగా మొదలైంది. నేనిప్పుడు అక్కడే ప్రయోగశాలలో ఉన్నాను. ఈ పని కావలసిందేనని నమ్ముతాను. రాతి నుంచి తీసిన గాలికి రాతిలోనే చోటు వెతకడం తప్పు కాదు. కానీ మబ్బు పట్టిన రోజుల్లో గొట్టాల పక్కన నడవాల్సి వస్తే, నడుముకు తగిలించుకున్న మీటరును ఒకటికి రెండుసార్లు తడుముకుంటాను.

పెద్దమ్మ ఏడాది దాటాక ప్రొద్దుటూరు వచ్చింది. మనవరాలు పుట్టింది, కమ్మలు తీసుకోవాలని. కొడుకు బజారులో ఉంటే, ఆమె ఒక్కతే అడ్రసు కనుక్కుని మా ఇంటికి వచ్చింది. మా నాయన కుర్చీ వేశాడు. ఆమె కూర్చుని ఇల్లంతా చూసింది.

"ఆ గదిలో ఇప్పుడు శనక్కాయ మూటలు ఏసినాం," అంది. "బల్లులు గూడ వచ్చినాయి."

"నువ్వు యాడ పండుకుంటాండావు పెద్దమ్మా?"

"పడసాల్లో. నిద్ర బాగ పడతాది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "కలలోకి గూడ రాడు పాపా. ఒక్కసారి గూడ."

నేను మంచినీళ్ళు తెచ్చిచ్చాను. తాగి, ఆమే అడిగింది. "మిద్దె మీద గొట్టంలో నుంచి పోతాంది గదా, ఆ గాలి యాడికి పోతాది?"

"పైన కలిసిపోతాది."

"ఊర్లో అందురూ పీలుస్తాండారా దాన్ని?"

"రోంత, ఉండీ ల్యానంత. అందులో ఏం ప్రమాదం ల్యాదు."

"ప్రమాదమని కాదులే," అంది.

అన్నం వడ్డించాను. తింటుందో లేదో అనుకున్నాను. మా ఇంట్లో, మా ప్లేట్లో తినింది. చారు ఇంకొంచెం వేయించుకుంది. పప్పులో చింతపండు ఎక్కువైందని చెప్పింది. తర్వాత బస్టాండులో ఉన్నానని కొడుకు ఫోను చేస్తే, అక్కడిదాకా తోడు వెళ్ళాను. ముద్దనూరు బస్సు కదలబోతుంటే కిటికీలో నుంచి చెయ్యి బయట పెట్టి, "మీ నాయన్ను ఒక్కన్నే వదిలి ఊర్లు తిరగొద్దు," అని గట్టిగా చెప్పింది. బస్సు వెళ్ళిపోయింది. నేను కూరగాయలు తీసుకుని ఇంటికొచ్చాను.